చూరు వెంట ఐస్ గట్టు, సీలింగ్ మీద మరక: ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేం ఈ ఇంట్లోకి వచ్చాక ఇది రెండో చలికాలం. స్నో పడ్డ వారానికి ముందు వైపు చూరు పొడుగునా జానెడు మందాన ఐస్ పేరుకుపోయింది, దాన్నుంచి పెద్ద పెద్ద ఐస్ కడ్డీలు వేలాడుతున్నాయి. మేడ మీద బెడ్‌రూమ్‌లో బయటి గోడ మూల సీలింగ్ మీద టీ రంగు మరక వచ్చింది, రోజూ కాస్త కాస్త పెరుగుతోంది. ఒకాయన గట్టర్లు (చూరు అంచున నీళ్లు పట్టే తొట్లు) పీకేస్తే చాలన్నారు, ఇంకొకాయన హీట్ కేబుల్ (కరెంటుతో వేడెక్కే తీగ) వేయించుకోమన్నారు, మా వారేమో సుత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కుతానంటున్నారు. రూఫ్ పాతదేం కాదు, మరి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? వచ్చే ఏడాది మళ్లీ ఇలా కాకుండా ఏం చెయ్యాలో చెప్పండి.

జవాబు: ముందు మీ వారిని నిచ్చెన ఎక్కనివ్వకండి అండి, మిగతా విషయాలు తర్వాత మాట్లాడుకుందాం. ఒక ఘనపు అడుగు ఐస్ దాదాపు 26 కిలోలు ఉంటుంది, సుత్తితో కొడితే అది ఎటు విరిగి ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు, నిచ్చెన కాళ్లు కూడా ఐస్ మీదే ఉంటాయి కదా. పైగా చలికి షింగిల్స్ (రూఫ్ మీద వరసలుగా పరిచే పలకలు) పెళుసుగా అయిపోతాయి, ఐస్ కోసం కొట్టిన దెబ్బ వాటికి తగిలి పగిలిందంటే ఇప్పుడు చలికాలంలో మాత్రమే కారుతున్నది రేపు వానాకాలంలో కూడా కారుతుంది. గొడ్డలి, ఉలి, బ్లో టార్చ్ ఏవీ వద్దు. టార్చ్‌తో ఐస్ కరిగించబోయి ఇంటికే నిప్పు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న, రూఫ్ బాగానే ఉంటే నీళ్లు ఎలా వస్తున్నాయి అని. మీ రూఫ్‌లో తప్పు లేకపోవచ్చు, తప్పు సీలింగ్‌లో ఉంది. ఇంట్లో వేడి గాలి సీలింగ్‌లో ఉన్న సందుల్లోంచి అటిక్‌లోకి, అంటే సీలింగ్‌కీ రూఫ్‌కీ మధ్య ఉండే ఖాళీ చోటులోకి పోతోంది, అటిక్ వెచ్చబడి రూఫ్ చెక్క అడుగు నుంచి వేడెక్కుతోంది, దాని మీదున్న స్నో పైకి తెల్లగా అలాగే కనిపిస్తూ అడుగున మాత్రం కరుగుతుంది. ఆ నీళ్లు స్నో కిందుగా జారుకుంటూ చూరు దాకా వస్తాయి. చూరు భాగం గోడ దాటి బయటికి ఉంటుంది కదా, దాని కింద ఇల్లు లేదు, వేడి లేదు, అక్కడికి రాగానే నీళ్లు గడ్డకడతాయి. మర్నాడు ఇంకొంచెం, ఆ మర్నాడు ఇంకొంచెం. అలా గట్టు లేచాక వెనకొచ్చే నీళ్లకి దారి ఉండదు, పొలం గట్టు వెనక నీళ్లు నిలిచినట్టే అక్కడ మడుగు కడతాయి. షింగిల్స్ ఒకదాని మీద ఒకటి వేసేది పైనుంచి కిందికి జారే నీళ్ల కోసం, నిలబడ్డ నీళ్ల కోసం కాదు. మడుగులోని నీళ్లు షింగిల్ కిందుగా వెనక్కి ఎక్కి, మేకుల రంధ్రాల్లోంచి, చెక్క అతుకుల్లోంచి దిగి, గోడ నెత్తిన పడి మీ సీలింగ్ డ్రైవాల్ పలకలోకి వస్తున్నాయి. మీ మరక సరిగ్గా బయటి గోడ మూలనే వచ్చిందన్నారు చూడండి, అది ఐస్ డ్యామ్ (ఈ ఐస్ గట్టునే అలా అంటారు) వల్ల కారుతోందనడానికి అచ్చమైన గుర్తు.

స్నో ఎక్కువ పడితే బరువు వల్ల డ్యామ్ వస్తుందనుకుంటారు చాలామంది. బరువు వల్ల కాదు, స్నో స్వయంగా దుప్పటి లాంటిది కాబట్టి. మెత్తటి తాజా స్నో అంగుళానికి సుమారు ఆర్-1 ఇన్సులేషన్‌కి సమానం (ఆర్ అంటే వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత), అడుగు మందం ఉంటే కింద వచ్చే వేడి బయటికి పోలేక అక్కడే కరిగిస్తూ ఉంటుంది. అమెరికా సైన్యానికి చెందిన క్రెల్ అనే చలి ప్రాంతాల పరిశోధనశాల వాళ్లు చాలా భవనాల రూఫులు గమనించి చెప్పిన లెక్క ఒకటుంది, బయట మైనస్ 6 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉండి అటిక్‌లో మైనస్ 1 కంటే వెచ్చగా ఉన్నప్పుడే పెద్ద ఐస్ గట్లు కడతాయని. అంటే బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు అటిక్ కూడా దాదాపు బయటి అంత చల్లగా ఉండాలి. ఇక్కడే చాలామందికి తికమక, ఇల్లు వెచ్చగా ఉండాలి కదా అటిక్ చల్లగా ఎందుకు అని. ఇల్లు వెచ్చగా ఉండాలి, అటిక్ చల్లగా ఉండాలి, ఆ రెండిటి మధ్య సీలింగే గోడ. మీ ఇంట్లో ఆ గోడకి చిల్లులున్నాయి.

అందుకే గట్టర్లు పీకేస్తే లాభం లేదు. గట్టర్ లేని చూరు మీద కూడా డ్యామ్ ఇలాగే కడుతుంది. గట్టర్‌లో ఐస్ నిండి అది బరువుకి ఊడి పడొచ్చు, అది వేరే నష్టం, ఆకులు రాలాక శుభ్రం చేయించుకోండి చాలు. అలాగే ఐస్ కడ్డీలు కనిపించిన ప్రతిచోటా డ్యామ్ ఉన్నట్టు కాదు, ఎండకి కాస్త కరిగి చిన్న చిన్నవి వేలాడుతూనే ఉంటాయి. లావుగా, రోజురోజుకీ పెరుగుతూ, ఎండ లేని వైపు కూడా ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

ఈ వారం చెయ్యాల్సినవి చెప్తాను. ఏ పనీ మొదలుపెట్టకముందు రోడ్డు మీదనుంచి రూఫ్‌ని ఫోటోలు తీసి పెట్టుకోండి, అన్ని వైపులా. స్నో ఎక్కడ కరిగి నల్లగా షింగిల్స్ బయటపడ్డాయో అక్కడ కిందే వేడి లీక్ అవుతోంది, అంతకంటే మంచి మ్యాప్ దొరకదు. తర్వాత రూఫ్ రేక్ అని పొడవాటి కర్రకి పలక బిగించినది దొరుకుతుంది, అది తెచ్చుకుని నేల మీద నిలబడే చూరు నుంచి పైకి మూడు నాలుగు అడుగుల మేర స్నో లాగెయ్యండి. స్నో లేకపోతే కరగడానికి ఏమీ ఉండదు, నీళ్లు రావు, గట్టు పెరగదు. పైనుంచి కిందికి, వాలు వెంటే లాగాలి, అడ్డంగా లాగితే షింగిల్స్ అంచులు లేస్తాయి. పలక షింగిల్‌కి గీసుకోకుండా ఒకటి రెండు అంగుళాల స్నో వదిలెయ్యండి. లాగేది మీ నెత్తిన పడకుండా పక్కకి నిలబడండి, పైన కరెంటు వైర్లు ఎక్కడున్నాయో ముందే చూసుకోండి, చాలా రూఫ్ రేక్‌లు అల్యూమినియంవే. ఇది ప్రతి పెద్ద స్నో తర్వాత చెయ్యాలి, ఐస్ కట్టాక చేస్తే సగం ఫలితమే.

ఇప్పటికే కట్టిన గట్టుకి దారి చెయ్యడానికి ఒక తేలిక మార్గం ఉంది. పాత స్టాకింగ్‌లో కాల్షియం క్లోరైడ్ నింపి ముడేసి, రేక్ కర్రతో పైకి తోసి గట్టుకి అడ్డంగా కాకుండా నిలువుగా, అంటే వాలు వెంట పెట్టండి, ఒక కొస చూరు దాటి వేలాడాలి. కొన్ని గంటల్లో అది తన కింద కాలువలా కరిగించుకుంటుంది, వెనక నిలిచిన నీళ్లు అందులోంచి కిందికి పోతాయి. నాలుగైదు అడుగులకి ఒకటి పెట్టండి. మామూలు కల్లు ఉప్పు మాత్రం వాడకండి, గట్టి చలిలో అది అసలు పనిచెయ్యదు, మేకుల్నీ రేకునీ తినేస్తుంది, కింద మొక్కల్ని చంపుతుంది. కాల్షియం క్లోరైడ్ కూడా మొక్కలకి మంచిదేం కాదు గానీ దీనికంటే నయం.

లోపల నీళ్లు ఎక్కువగా దిగుతుంటే, సీలింగ్ పెయింట్ బుడగలా ఉబ్బితే, కింద బకెట్ పెట్టి బుడగ మధ్యలో స్క్రూడ్రైవర్‌తో చిన్న చిల్లు పెట్టండి. బాధగానే ఉంటుంది కానీ చెయ్యకపోతే ఆ బరువుకి డ్రైవాల్ ముక్కే ఊడి పడుతుంది. పక్కన లైట్ ఉంటే ఆ బ్రేకర్ ఆపెయ్యండి. అటిక్‌లోకి వెళ్లే దారి ఉంటే ఒక బాక్స్ ఫ్యాన్ తీసుకెళ్లి నీళ్లు దిగే చోటుకేసి చల్లగాలి కొట్టేలా పెడితే ఆ చోటు గడ్డకట్టి కారడం కాసేపు ఆగుతుంది, అటిక్‌లో నడిచేటప్పుడు దూలాల మీదే కాలు పెట్టండి, మధ్యలో అడుగేస్తే సీలింగ్‌లోంచి కిందికొస్తారు. తడిసిన ఇన్సులేషన్ ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది కాబట్టి దాన్ని పక్కకి లాగి ఆరబెట్టండి, నానిపోయి ముద్దయిపోయినది తీసి పారెయ్యండి. ప్రతిదీ ఫోటో తీసి ఇన్సూరెన్స్ వాళ్లకి ఇప్పుడే చెప్పండి, కొన్ని పాలసీల్లో లోపలి నష్టం ఇస్తారు, డ్యామ్ తీయించిన ఖర్చు మాత్రం పాలసీని బట్టి ఉంటుంది, అడగండి.

ఇన్ని చేసినా నీళ్లు ఆగకపోతే డ్యామ్ తీసేవాళ్లని పిలవండి, కానీ పిలిచే ముందు ఒక్క మాట అడగండి, ఆవిరితో తీస్తారా లేక వేడినీళ్ల ప్రెషర్ వాషర్‌తోనా అని. తక్కువ ఒత్తిడి ఆవిరి అయితే ఐస్‌ని ముక్కలుగా కోసి తీస్తారు, షింగిల్స్ మీద ఇసుక పలుకులు ఉంటాయి చూడండి అవి పోవు. ప్రెషర్ వాషర్ వాటిని ఊడ్చేస్తుంది. ఇంటి ముందుకొచ్చి సుత్తులతో కొట్టేస్తామన్నవాళ్లని పంపెయ్యండి.

హీట్ కేబుల్ సంగతి. ఆయన చెప్పింది పూర్తిగా తప్పని అనను, ఎందుకంటే చూరు మీద జిగ్‌జాగ్‌గా వేసి గట్టర్లోకి, డౌన్‌స్పౌట్ (గట్టర్ నీళ్లు కిందికి దించే గొట్టం) లోకి దింపితే నీళ్లకి దారి ఉంటుంది. కానీ వేడి లీక్ అవుతూనే ఉంటుంది, దాని ఫలితాన్ని కరిగించడానికి మీరు మళ్లీ కరెంటు కొనుక్కుంటారు. అడుగుకి సుమారు 5 నుంచి 8 వాట్లు తీసుకుంటుంది, ముందు వైపు జిగ్‌జాగ్‌గా 100 అడుగుల కేబుల్ వేస్తే అదొక చిన్న రూమ్ హీటర్ అన్నమాట, అది కూడా ఆరుబయట రోజంతా. కేబుల్ వేసిన చోటు పైన కొత్తగా గట్టు కట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, మిగతావన్నీ చేశాక కూడా వదలని ఒక మొండి మూల ఉంటే, రెండు వాలులు కలిసే లోయ లాంటి చోటు ఉంటే, అక్కడ మాత్రం వేయించండి, ముందుగా ఆ డబ్బు సీలింగ్ మీద పెట్టండి.

సీలింగ్ మీద అంటే ఇన్సులేషన్ పరచడం అని వెంటనే అనుకోకండి, ఎక్కువమంది పొరపాటు ఇక్కడే. సందులు మూయకుండా పైన ఎంత ఇన్సులేషన్ పరిచినా గాలి దాంట్లోంచి దూరి పోతుంది, ముఖ్యంగా ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు, వడకడుతుంది అంతే. ఆ వడకట్టడమే మీకు ఉపయోగం. పగటి పూట టార్చ్ లైట్ తీసుకుని అటిక్‌లోకి వెళ్లి గులాబీ రంగు ఇన్సులేషన్ మీద నల్లటి మరకలు ఎక్కడున్నాయో చూడండి. బూజు అని భయపడతారు చాలామంది, ఎక్కువసార్లు అది ఇంట్లోంచి గాలితో పాటు ఏళ్ల తరబడి వచ్చిన దుమ్ము. ఆ పొర ఎత్తి చూస్తే కింద ఒక సందు ఉంటుంది. రూఫ్ చెక్కలోంచి పొడుచుకొచ్చిన మేకుల కొసల మీద తెల్లగా ఐస్ పట్టి ఉంటే అది కూడా ఇంట్లోంచి వచ్చిన తేమే. కింద గదుల్లో అయితే గాలి బాగా వీచే రోజు అగరబత్తి వెలిగించి సీలింగ్ లైట్ల అంచుల దగ్గర, అటిక్ తలుపు చుట్టూ పట్టుకోండి, పొగ నిటారుగా లేవకుండా ఒక్కసారిగా సందులోకి లాక్కుపోతుంటే దొరికినట్టే.

నేను ముందు వెతికేవి రెండు. ఒకటి అటిక్ తలుపు. చాలా ఇళ్లలో అది ఒక పలుచటి పలక, ఊరికే ఫ్రేమ్ మీద ఆనించి ఉంటుంది, చుట్టూ వేలు దూరేంత సందు కాకపోయినా వెలుతురు కనిపించేంత ఉంటుంది, పైన ఇన్సులేషన్ ఉండదు. చుట్టూ వెదర్‌స్ట్రిప్ అనే గాలి ఆపే పట్టీ అంటించి, పలక వెనక గట్టి ఫోమ్ బోర్డు జిగురుతో అతికించి, మూశాక గట్టిగా నొక్కి పట్టేలా కొక్కెం పెడితే ఒక్క మధ్యాహ్నం పని. మడత నిచ్చెన ఉంటే దాని మీద బోర్లించే పెట్టె దొరుకుతుంది. రెండోది బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్. మీ మరక పడ్డ గది పక్కన బాత్రూమ్ ఉంటే ముందు దీన్నే చూడండి, ఎందుకంటే దాని గొట్టం బయటికి వెళ్లకుండా అటిక్‌లోనే వదిలేసిన ఇళ్లు లెక్కలేనన్ని. స్నానం చేసిన ప్రతిసారీ వేడి ఆవిరి తిన్నగా రూఫ్ చెక్కకి తగులుతుంది. కొందరు సాఫిట్ వెంట్ (చూరు కింద అటిక్‌లోకి గాలి దూరే తెరుపు) దగ్గరదాకా తెచ్చి వదిలేస్తారు, అదీ తప్పే, అక్కడ వదిలిన ఆవిరి మళ్లీ వెంట్‌లోంచి లోపలికే లాక్కుంటుంది. గొట్టానికి ఇన్సులేషన్ చుట్టి, రూఫ్ మీదనుంచో పక్క గోడలోంచో తిన్నగా బయటికి తీయించండి.

మిగతావి గబగబా చెప్తాను. ప్లంబింగ్ పైపులు, వైర్లు సీలింగ్ దాటే రంధ్రాలకి స్ప్రే ఫోమ్. లోపలి గోడల పైన డ్రైవాల్‌కీ చెక్కకీ మధ్య సన్న సందు ఇంటి పొడుగునా ఉంటుంది, అన్నీ కలిపితే పెద్దదే, దానికి కాల్క్ అనే సందులు నింపే పేస్టు గానీ ఫోమ్ గానీ. సీలింగ్‌లోకి దిగేసిన లైట్ డబ్బాలు పాతవైతే చిల్లులతో ఉంటాయి, వాటిని ఫోమ్‌తో కప్పితే వేడెక్కి ప్రమాదం, గాలి చొరని, ఇన్సులేషన్ తగిలినా ఫర్వాలేదని రాసి ఉన్న కొత్త వాటితో మార్పించండి. చిమ్నీ చుట్టూ ఫోమ్ అస్సలు వద్దు, అక్కడ రేకు కత్తిరించి పెట్టి వేడి తట్టుకునే సీలెంట్ పట్టించాలి. ఫర్నెస్ నుంచి గదులకి వేడి గాలి తెచ్చే గొట్టాలు అటిక్‌లోంచి పోతుంటే వాటి అతుకులు మాస్టిక్ అనే చిక్కటి పూతతో మూయించి ఇన్సులేషన్ చుట్టించండి, కారే ఒక్క అతుకు అటిక్‌లో హీటర్ పెట్టినంత పని చేస్తుంది.

సందులన్నీ మూశాకే ఇన్సులేషన్. బాగా చల్లటి ప్రాంతాలకి ఆర్-49 నుంచి ఆర్-60 దాకా చెప్తారు, సెల్యులోజ్ ఊదిస్తే అంగుళానికి ఆర్-3.5 చుట్టుపక్కల వస్తుంది, అంటే 14 నుంచి 17 అంగుళాల మందం. స్కేలు తీసుకెళ్లి గుచ్చి చూడండి మీకెంత ఉందో. మధ్యలో మాత్రమే కొలిచి సరిపోయిందనుకోకండి, చూరు దగ్గర రూఫ్ కిందికి వాలిపోయి చోటు ఉండదు కాబట్టి బయటి గోడ మీద పొర మరీ పలుచనైపోతుంది, డ్యామ్ కట్టేది సరిగ్గా దానిపైనే. అక్కడ తక్కువ మందంలో ఎక్కువ ఆర్ విలువ ఇచ్చే గట్టి ఫోమ్ ముక్కలు ఇరికించడం మంచి పని. ఇంకోటి, ఇన్సులేషన్ ఊదేటప్పుడు అది వెళ్లి చూరు కింద వెంట్‌లని మూసెయ్యకుండా ప్రతి వాసాల సందులో బాఫిల్ అనే ప్లాస్టిక్ తొట్టి బిగించాలి, లేకపోతే చేయించిన పనే మీకు ఎదురు తిరుగుతుంది.

వెంట్‌ల లెక్క కూడా చెప్తాను. కింద చూరులో సగం, పైన కొప్పు దగ్గర సగం ఉండేలా చూస్తే మామూలుగా అటిక్ నేలలో 300కి ఒక వంతు తెరుపు చాలంటారు, 1,200 చదరపు అడుగుల అటిక్‌కి 4 చదరపు అడుగులు. చల్లగాలి కిందనుంచి దూరి రూఫ్ చెక్క అడుగున పాకి పైనుంచి పోతుంది. అటిక్‌లో కరెంటు ఫ్యాన్ పెట్టిస్తామంటే ఒప్పుకోకండి, సీలింగ్‌లో సందులున్నంత కాలం అది మీ గదుల్లోని వేడి గాలినే పైకి పీలుస్తుంది.

మీ ఇంట్లో ఎక్కడైనా అటిక్ లేకుండా రూఫ్ వాలుకే సీలింగ్ కొట్టిన గది ఉంటే అది వేరే కథ, లోపలికి చెయ్యి దూరదు, రూఫ్ మార్చేటప్పుడు పైనుంచే ఇన్సులేషన్ బోర్డు వేయించుకోవడం తప్ప పెద్దగా దారి లేదు, అప్పటిదాకా రేక్ మీదే ఆధారపడాలి. ఎప్పుడు రూఫ్ మార్పించినా షింగిల్స్ కింద అంటుకునే ఐస్ అండ్ వాటర్ పొర చూరు అంచు నుంచి బయటి గోడ లైన్ దాటి లోపలికి కనీసం 24 అంగుళాలు ఉండేలా రాయించుకోండి. డ్యామ్ కట్టడాన్ని అది ఆపదు, కట్టినా నీళ్లు ఇంట్లోకి రానివ్వదు.

ఇదంతా ఎవరితో చేయించాలంటే, ముందు రూఫర్‌ని కాదు, ఎనర్జీ ఆడిట్ చేసేవాళ్లని పిలవండి. తలుపుకి పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలి లాగేస్తూ థర్మల్ కెమెరాతో సీలింగ్ చూస్తారు, చలిలో అయితే సందులు స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి ఆడిట్ ఈ చలికాలంలోనే చేయించి, పని మాత్రం వసంతంలో పెట్టుకోండి. పాత ఇల్లయితే అటిక్‌లో బూడిద రంగులో మెరిసే గులకరాళ్ల లాంటి వర్మిక్యులైట్ ఉందేమో చూడండి, ఉంటే దాన్ని కదపకండి, అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, పరీక్ష చేయించాకే ఏదైనా. సందులన్నీ మూశాక గ్యాస్ ఫర్నెస్, వాటర్ హీటర్ పొగ బయటికే పోతోందా వెనక్కి కొడుతోందా అని తప్పకుండా పరీక్ష చేయించండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులో ఉండాలి.

బెడ్‌రూమ్ మరకకి ఇప్పుడే పెయింట్ వెయ్యకండి. లోపల తడి ఉండగా వేస్తే మళ్లీ పైకి వస్తుంది. పూర్తిగా ఆరాక చేత్తో నొక్కి చూడండి, మెత్తగా ఉంటే ఆ ముక్క కోసి మార్పించాలి, గట్టిగా ఉంటే మరకని ఆపే ప్రైమర్ ఒక కోటు వేసి పైన మామూలు పెయింట్ వేసుకోవచ్చు.